ఇరవయ్యో నిమిషం

మా పెద్దాయన ఎవర్నీ ఇరవై నిమిషాలకి మించి ఏదీ చదవనిచ్చేవాడు కాదు. ఆయనకున్న పిచ్చల్లా అదొక్కటే. కానీ చదవడమే ఉద్యోగమైన చోట ఆ పిచ్చి ఉన్నవాడు పై అధికారి అయితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ప్రెస్సులో మూడో అంతస్తు, మెట్లెక్కగానే కుడిచేతి గది మాది. ఆయనతో కలిపి మేం నలుగురం ప్రూఫ్ రీడర్లం. అచ్చుకి వెళ్ళేముందు ప్రతి పేజీలో తప్పులేరడం మా పని. చట్టాల పుస్తకాలు, మందు డబ్బాల్లో మడతపెట్టి ఉండే కాగితాలు, బడి పుస్తకాలు, ఏదొస్తే అది చదివేవాళ్ళం. ఇరవై నిమిషాలు మాత్రం చదివేవాళ్ళం.

ఇరవయ్యో నిమిషం కాగానే ఆయన రెండు చేతులూ చరిచేవాడు.

"కళ్ళు పైకి."

మేం కలాలు కింద పెట్టి, కిటికీలోంచి రోడ్డవతల మేడ మీదున్న నీళ్ళ ట్యాంకు కేసి చూడాలి. చూస్తూ ఇరవై దాకా లెక్కపెట్టాలి. తర్వాత పదిసార్లు రెప్పలు కొట్టాలి.

"రెప్ప పూర్తిగా మూయాలమ్మా. అలా అల్లల్లాడించి వదిలేస్తే లాభం లేదు. చదివేటప్పుడు మనిషి రెప్ప కొట్టడం మర్చిపోతాడు. కన్ను ఎండిపోతుంది."

ఒకసారి బడి పుస్తకాల పని మీద ఒక పెద్దమనిషి సరిగ్గా రెప్పల సమయానికే లోపలికొచ్చాడు. వయసొచ్చిన నలుగురు వరసగా నిలబడి కిటికీ కేసి కళ్ళు కొడుతున్నారు. ఎదురు మేడ మీద ఒకావిడ బట్టలారేస్తోంది. ఆయన ఆవిణ్ణి చూశాడు, మమ్మల్ని చూశాడు, వచ్చిన పని చెప్పకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పెద్దాయన ఆ వెనక్కి తిరిగినవాణ్ణి కూడా వదల్లేదు. "మీరు కూడా కొట్టండి, మంచిది," అని కేకేశాడు.

ఆయన దగ్గర ఒక చెక్క స్కేలు ఉండేది. దాంతో మా ముక్కు చివరినుంచి కాగితం దాకా కొలిచేవాడు.

"పదహారు అంగుళాలుండాలి. నువ్వు పన్నెండులో ఉన్నావు."

"నాలుగు అంగుళాలకి ఏం కొంప మునుగుతుందండీ?"

"సాయంత్రం నీ మెడనడుగు, అదే చెబుతుంది."

బల్లల మీద అద్దాలుంటే వాటిమీద వెలుగు పడి కంట్లో గుచ్చుతుందని, గోధుమరంగు అట్టకాగితం తెచ్చి నాలుగు బల్లలకీ అంటించాడు. లైట్లన్నీ ఎడమ పక్కకి మార్పించాడు, రాసే చేతి నీడ అక్షరాల మీద పడకూడదట. తెల్ల కాగితం మీద ప్రూఫు తీస్తే తీసుకునేవాడు కాదు. మీగడరంగు కాగితం కోసం స్టోరు గుమాస్తాతో పోట్లాడి నెలకో రీము సాధించేవాడు. అంతటితో ఆగాడా? ఒక నల్ల అట్టలో సన్నటి కిటికీ కోసి తలా ఒకటి ఇచ్చాడు. అది పేజీ మీద పెడితే ఒక్క వరుసే కనిపిస్తుంది, మిగతా పేజీ కంటిని లాగదు. మా గదిలో అందరూ వదినా అని పిలిచే ఆవిడ దాన్ని టీ గ్లాసు మీద మూత పెట్టుకునేది. ప్రతి వాక్యంలోనూ ఒక కామా ఇరికిస్తే గాని నిద్రపట్టని ఇంకొకాయన ఉండేవాడు, ఆయన్ని కామా అనే పిలిచేవాళ్ళం. కామా ఆ అట్టతో ఈగల్ని కొట్టేవాడు. నేనొక్కదాన్నే దాన్ని పేజీ మీద పెట్టుకునేదాన్ని, అదీ ఆయన చూడనప్పుడు.

బస్సులో కూడా ఈ గొడవ తప్పేది కాదు. ఆయనా నేనూ ఒకే బస్సు. ఒకరోజు నా పక్క సీటాయన పేపరు చదువుకుంటుంటే, పెద్దాయన వెనకనుంచి చెయ్యి చాపి ఆ పేపరు మడిచేశాడు.

"బస్సు కదులుతోంది, అక్షరం కదులుతోంది. మీ కన్ను రెండిటి వెనకా పరిగెత్తలేక చస్తోంది. దిగాక చదువుకోండి."

"మీరెవరండీ?"

"నేనూ చదువుకుని బతికేవాడినే."

పక్కాయన నోరు తెరిచేలోపు నేను నా ఒళ్ళో ఉన్న ప్రూఫులు చప్పుడు కాకుండా సంచిలోకి తోసేశాను.

ఇదంతా ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పట్లో ఆయన్ని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. కారణముంది. నా కళ్ళు పాడవుతున్నాయి. ఆ ఉద్యోగంలో చేరేనాటికే మధ్యాహ్నం మూడు దాటితే ఒక్కో అక్షరం రెండుగా కనిపించేది. సాయంత్రానికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుండేది. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయనకి చూపు తగ్గిందని తెలియగానే మేనేజరు ఆయన్ని కిందకి, ప్యాకింగుకి దింపేశాడట. పాతికేళ్ళు తప్పులు దిద్దిన చేతులతో ఆరు నెలలు పుస్తకాల కట్టలకి పురికొస చుట్టి, ఒకరోజు చెప్పకుండా మానేశాడట. నాకు ఇద్దరు పిల్లలు. ఇంట్లో సంపాదన నాదొక్కదానిదే. ప్యాకింగు జీతంతో నా ఇల్లు గడవదు. అందుకని కళ్ళజోడు పెట్టుకోలేదు, డాక్టరు దగ్గరికి పోలేదు, ఎవరికీ చెప్పలేదు. అలాంటిదానికి దొంగ ఇంట్లో పోలీసు అద్దెకి దిగినట్టు ఈయన తగులుకున్నాడు.

కాబట్టి ఆయన్ని వెక్కిరించడంలో అందరికంటే ముందుండేదాన్ని. ఇరవయ్యో నిమిషం అని పేరు పెట్టింది నేనే. భోజనాల దగ్గర ఆయనలాగే చేతులు చరిచి, వదిన నోటికీ ముద్దకీ మధ్య స్కేలు పెట్టి కొలిచేదాన్ని. కామా పొట్ట పట్టుకుని నవ్వేవాడు. వదిన నవ్వేది కాదు. ఆవిడకి హాస్యం తెలీదనుకునేదాన్ని.

మా మేనేజరుకి పేజీలంటే తూకానికి అమ్మే సరుకు. గోడకి ఒక బోర్డు తగిలించి, రోజుకి ఎవరు ఎన్ని పేజీలు చదివారో అందరికీ కనబడేలా రాయించేవాడు. పైనున్న గదికంటే మన గది వెనకబడిందని వారానికోసారి వచ్చి బాధపడేవాడు. పైనున్నది గోడౌను. చివరికి ఆయనకో ఆలోచన తట్టింది. ఇంత నెమ్మదిగా చదువుతున్నారంటే వీళ్ళలో ఎవరికో కళ్ళు కనపడటం లేదన్నమాట, అందరికీ పరీక్ష పెట్టించి, తప్పినవాళ్ళని కిందకి పంపేస్తానన్నాడు.

పరీక్ష మంగళవారం పదింటికి. నేను ఎనిమిదిన్నరకే వెళ్ళాను. కళ్ళద్దాల షాపాయన అక్షరాల అట్ట ముందురోజే తెచ్చి నడవా చివర తగిలించి పోయాడు. దగ్గరికెళ్ళి చివరి రెండు వరుసలూ బట్టీ పట్టాలని నా ఎత్తు. బడిలో కూడా నేనెప్పుడూ కాపీ కొట్టలేదు. తీరా వెళ్ళేసరికి అట్ట ముందు పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"ఏమ్మా, ఇంత పొద్దున్నే?"

"బస్సు ముందొచ్చిందండీ."

నా పెదాలు అప్పటికే ఆ వరుస వల్లిస్తున్నాయి. ఆయన నన్ను చూశాడు, అట్టని చూశాడు, గదిలోకి వెళ్ళిపోయాడు.

పదింటికి మేనేజరూ, షాపాయనా వచ్చారు. పెద్దాయన, "నేనే ముందు," అన్నాడు. కుర్చీలో కూర్చోకుండా స్కేలు తీసి, నేల మీద వంగి, నడవా అంతా కొలుచుకుంటూ వెళ్ళాడు.

"ఇరవై అడుగులుండాలి. పద్దెనిమిదిన్నరే ఉంది."

షాపాయన కుర్చీ వెనక్కి జరిపాడు. కుర్చీ వెనక కాళ్ళు మెట్ల అంచుకి వచ్చాయి. పెద్దాయన ప్రాణాలకి తెగించి అందులోనే కూర్చున్నాడు. కూర్చుని, కిటికీ వెలుగు అట్ట మీద పడుతోందన్నాడు. కిటికీ మూశారు. ఇప్పుడు చీకటిగా ఉందన్నాడు. లైటు తెచ్చారు. కుడిపక్క పెట్టారేమన్నాడు. మేనేజరు పళ్ళు కొరుకుతూ, "ముందు పైనుంచి చదవండి," అన్నాడు. పెద్దాయన లేచి అట్ట దగ్గరికి నడిచి, ఎర్ర కలం తీశాడు.

"మూడో వరుస ఎడమవైపుకి వాలింది. ఐదో వరుసలో అక్షరాల మధ్య ఎడం ఎక్కువ. ఆరూ ఏడూ ఒకే సైజు. ఈ ప్రూఫు చూసిందెవరు?"

"ప్రూఫేమిటండీ, ఇది కళ్ళ పరీక్ష అట్ట," అన్నాడు షాపాయన.

"అచ్చయిందా, లేదా?"

"అచ్చయింది."

"అచ్చయిందంటే ఎవడో చూసుండాలి. చూసినవాడికి కళ్ళు లేవు."

ఐదు నిమిషాల్లో ఆ అట్ట నిండా ఎర్ర గీతలు, సున్నాలు, బాణాలు. చివరి రెండు వరుసలూ అయితే గీతల కింద మాయమే అయ్యాయి. అడుగున సంతకం చేసి, దిద్ది మళ్ళీ తీసి పంపవలెను అని రాసి, షాపాయన చేతిలో పెట్టాడు. షాపాయన ఆ అట్టని చుట్టుకుని, ఇంకో అట్ట తెప్పించడానికి నెల పడుతుందని చెప్పి వెళ్ళిపోయాడు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. పిచ్చివాడి పిచ్చి ఒక్కరోజుకైనా పనికొచ్చిందని నవ్వుకున్నాను. అంతే, నవ్వుకున్నాను.

వారం తిరక్కుండా మేనేజరు మమ్మల్ని ఒక్కొక్కర్నీ పిలిచాడు. నా వంతు వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర. బల్ల మీద ఒక కాగితం ఉంది. పెద్దాయన చాదస్తం వల్ల పని సాగడం లేదనీ, ఆయన్ని రెండేళ్ళు ముందుగా ఇంటికి పంపమనీ అందులో ఉంది. ఒక్క పేజీలో పట్టించడానికి అక్షరాలు చీమ తలలంత చేశారు.

"మిగతా ఇద్దరూ పెట్టలేదా?" అన్నాను.

"వాళ్ళకి బుద్ధి లేదు. ఒక్క సంతకం చాలమ్మా నాకు. పెట్టినవాళ్ళకి ఆ కళ్ళ పరీక్ష కూడా అక్కర్లేదు. చూపు బాగుందని నేనే రాసేస్తాను."

సంతకం పెట్టాను. నా చెయ్యి వణికిందనో, మనసు రాలేదనో చెబితే మీరు నమ్ముతారు గానీ అది అబద్ధం. చాలా తేలిగ్గా పెట్టాను. బయటికొచ్చి టీ కూడా తాగాను.

శనివారం ఆయన వెళ్ళిపోయాడు. గుడ్డసంచిలో చెంబూ, తువ్వాలూ సర్దుకుని, పోతూ పోతూ నా బల్ల దగ్గర ఆగాడు.

"లైటు ఎడమపక్కనే ఉంచుకో అమ్మా."

నేను తలెత్తలేదు. ఇరవై నిమిషాలు కూడా కాకుండా తలెత్తడం దేనికని నాలో నేను హాస్యమాడుకున్నాను. వదిన ఆ రోజునుంచి నాతో మాట్లాడటం మానేసింది.

సోమవారం మేనేజరు అట్టకాగితాలు పీకించాడు. కరెంటు దండగని బల్లల మీది లైట్లు తీసేయించి, నెత్తి మీద ఒక పెద్ద ట్యూబులైటు పెట్టించాడు. ప్రూఫులు తళతళలాడే తెల్ల కాగితం మీద రావడం మొదలైంది. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఏకబిగిన చదివేవాళ్ళం. బోర్డు మీద అంకెలు పెరిగాయి. నా అంకె అందరికంటే పెద్దది, ఎందుకంటే నాకు ఏ వరుసలో ఏముందో సరిగ్గా కనపడేది కాదు, చకచకా తిప్పేసేదాన్ని. మూడు వారాలకల్లా పొద్దున పదకొండింటికే అక్షరాలు రెండయ్యేవి. ఒకరోజు పసిపిల్లల మందు కాగితంలో సున్నా పాయింటు ఐదు ఉండాల్సిన చోట ఉత్త ఐదు ఉంటే వదిలేశాను. పదింతల మందు. అది రెండోసారి చదివిన వదిన కంట పడింది కాబట్టి సరిపోయింది.

ఆవిడ కాగితం తెచ్చి నా ముందు పెట్టి, మూడు వారాల తర్వాత మొదటి మాట మాట్లాడింది.

"ఇది నేను మేనేజరుకి చెప్పను. ఆదివారం పెద్దాయన ఇంటికి వెళ్ళు."

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను వదినా?"

"ఉన్నది ఒక్కటే కదా, అదే పెట్టుకుని వెళ్ళు."

వెళ్ళాను. క్షమించమని అడగడానికి అని చెప్పుకుంటే బాగుంటుంది. నిజానికి నా కళ్ళ కోసం వెళ్ళాను. ఆయన చెప్పే నియమాలన్నీ ఒక కాగితం మీద రాయించుకుంటే, వాటిని చాటుగా పాటించి, ఉద్యోగం నిలబెట్టుకోవచ్చని నా ఆశ.

పెద్దాయన భార్య తలుపు తీసింది. నేనెవరో చెప్పేలోపే, "మూడో అంతస్తు అమ్మాయివి కదూ, రా తల్లీ," అంది. లోపలి గదిలో ఆయన మంచం మీద బోర్లా పడుకున్నాడు. తల మంచం అంచునుంచి కిందకి వేలాడుతోంది. పుస్తకం నేల మీద ఉంది. ముక్కుకీ పుస్తకానికీ మధ్య నాలుగు అంగుళాలు కూడా లేవు. కిటికీకి తెర వేసి ఉంది. మూలనున్న గుడ్డి బల్బు వెలుగు సరిగ్గా ఆయన తల వెనకనుంచి పడి పేజీ అంతా నీడలో ఉంది.

"ఒంట్లో బాగోలేదా పిన్నిగారూ?"

"భేషుగ్గా ఉన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇలాగే చదువుతారు. నలభై ఏళ్ళు."

"ఇరవై నిమిషాలకోసారి లేవరా?"

"ఎవరు, ఈయనా? భోజనానికి లేపాలంటే నాలుగు కేకలు పెట్టాలి నేను. ఆ కళ్ళకేమీ కాదమ్మా. ఇక్కడ పడుకుని ఎదురింటి క్యాలెండరులో తేదీ చెబుతారు."

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. మూడేళ్ళ కిందట ఒకరోజు ఆఫీసునుంచి వస్తూనే కళ్ళ డాక్టరు దగ్గరికి పోదామన్నాడట. ఆవిడ హడలిపోయి వెంట వెళ్ళిందట. డాక్టరు చూసి ఏ లోపమూ లేదన్నా ఈయన కుర్చీలోంచి కదల్లేదట. నాక్కాదు, రోజంతా చదివే మనిషికి కళ్ళు అలవకుండా ఏమేం చెయ్యాలో చెప్పండి అని నోటుబుక్కు తీశాడట. ఇరవై నిమిషాలు, పదహారు అంగుళాలు, ఎడమపక్క లైటు, నల్ల అట్ట, అన్నీ అడిగి రాసుకున్నాడట. బయట జనం తలుపు కొడుతున్నా లేవలేదట. నేను ప్రెస్సులో చేరి అప్పటికి నెల.

పెద్దాయన ఈలోగా లేచి కూర్చున్నాడు. దొరికిపోయిన మొహం పెట్టాడు.

"నా కళ్ళ సంగతి మీకెలా తెలిసింది?" అన్నాను.

"పని రానివాళ్ళు పేజీ అంతటా తప్పులు వదులుతారు. నువ్వు పొద్దున ఒక్కటీ వదిలేదానివి కాదు. మూడు దాటాక, అడుగు వరుసల్లో వదిలేదానివి. దిద్దేవాడికి ఆ మాత్రం తెలీదా?"

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెబితే ఒప్పుకునేదానివా?"

ఒప్పుకునేదాన్ని కాదు. పైగా ఆయన మీద విరుచుకుపడేదాన్ని. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నీకు ముందున్నాయన విషయంలో నిజం చెప్పానమ్మా. ఈయనకి చూపు తగ్గింది, కళ్ళజోడు ఇప్పిస్తే ఇంకో పదేళ్ళు చదువుతాడు అని రాసిచ్చాను. మేనేజరు సగం వాక్యమే చదివి ఆయన్ని కిందకి దింపేశాడు. అందుకే నీ విషయంలో నిజం జోలికి పోలేదు. ఒక్కదానికి చెబితే రోగం అంటారు. అందరికీ చెబితే చాదస్తం అంటారు. చాదస్తాన్ని ప్యాకింగుకి దింపరు కదా అనుకున్నాను."

"వదినకి తెలుసా?"

"కామాకి కూడా తెలుసు. నువ్వు నన్ను వెక్కిరిస్తే గట్టిగా నవ్వమని నేనే చెప్పాను. వదిన మాత్రం నా వల్ల కాదంది."

ముగ్గురు మనుషులు మూడేళ్ళపాటు నా కోసం నీళ్ళ ట్యాంకు కేసి చూస్తూ కళ్ళు కొట్టారన్నమాట. వాళ్ళకి బుద్ధి లేదని మేనేజరు అంటే నేను అవునేమో అనుకున్నాను. నాకు సిగ్గేసింది. ఏడుపు రాలేదు, వట్టి సిగ్గే. సిగ్గుతోపాటు ఆయన మీద కోపం కూడా వచ్చింది, ఇంత మంచితనం నన్నడగకుండా నా మీద ఎందుకు ఖర్చుపెట్టాడని.

"రేపు మా ఆవిడ నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళుతుంది," అన్నాడు. "కళ్ళజోడు పెట్టుకుని దర్జాగా వెళ్ళి నీ కుర్చీలో కూర్చో. కళ్ళజోడుతో చదవగలిగినదాన్ని దింపుతానంటే వదినా, కామా ఊరుకోరు. ఇక దాచకు. దాచేవాళ్ళకి కళ్ళు రెండింతలు అలుస్తాయి."

ఆ కళ్ళజోడు పెట్టుకునే ఇది రాస్తున్నాను. దాన్ని చూసిన రోజు మేనేజరు మొహం మాడ్చుకున్నాడు, వెనక నిలబడ్డ ఇద్దర్నీ చూసి తన గదిలోకి వెళ్ళిపోయాడు. అది తర్వాతి మాట. ఆ ఆదివారం నేను చెప్పాల్సింది ఇంకొకటి ఉంది.

"ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేనండీ."

"తెలుసు. నాకో నకలు ఇచ్చారు."

ఆయన నేల మీది పుస్తకం అందుకుని తెరిచి, గుర్తుకి పెట్టుకున్న కాగితం తీశాడు. అదే ఫిర్యాదు. మడతలు విప్పి నా ముందు పరిచాడు. ఆయన మొహంలో కోపం ఉంటుందని నేను తలొంచుకున్నాను. తీరా చూస్తే పరీక్ష పాసైన పిల్లాడి నాన్నలా ఉన్నాడు.

"ఎన్నింటికి పెట్టావమ్మా సంతకం?"

"నాలుగున్నరకి."

"నాలుగున్నర. వింటున్నావా?" అని భార్యకేసి తిరిగాడు. మళ్ళీ నాతో, "అక్షరాలు చూడు, ఎంత చిన్నవో. ఇది అడుగు వరుస. మేనేజరు తేదీ తప్పు వేశాడు. నువ్వు కొట్టేసి, సరైన తేదీ వేసి, ఆ పక్కన సంతకం పెట్టావు."

నిజమే. అది నా చేతి గుర్తే. దిద్దినట్టు నాకు గుర్తు కూడా లేదు. ఎదుట తప్పు కనపడితే మా చేతులు మమ్మల్నడగవు.

"మూడేళ్ళ కిందట ఆ వేళకి, ఆ వరుసలో, నువ్వు ఏనుగునైనా వదిలేసేదానివి. మూడేళ్ళు పట్టింది గానీ పని చేసింది చూశావా? పక్కింటాయనకి కూడా చూపించాను."

"చూపించి ఊరుకున్నారా?" అంది భార్య. "మా అమ్మాయి ఎంత బాగా చదివిందో చూడండి అన్నారు. అందులో రాసింది ఈయన ఉద్యోగం తీసెయ్యమని. పాపం ఆయనకి ఏడవాలో మెచ్చుకోవాలో తెలీలేదు."

నాకూ తెలీలేదు. ఆయన మాత్రం ఆ తేదీ మీద వేలు పెట్టి, నేను ఔననేదాకా తియ్యలేదు. నేను రాసిచ్చిన ద్రోహానికి ఆయన చేతే నూటికి నూరు మార్కులు వేయించుకుని, టీ తాగి, ఇంటికి వచ్చాను.